నీటిని పొదుపుచేయు మొక్కలు

తెలుగునాట అనేక గృహములలో వీధిగుమ్మమునకు పైభాగమున ఒక కలబంద మొక్క తలక్రిందుగా వ్రేలాడుచుండుట చూడవచ్చును. దానిని వేళ్ళతో పెరికి తెచ్చి, త్రాటితో కట్టి అచ్చట వ్రేలాడదీయుదురు. ఇంటికి దిష్టి తగులకుండుటకై ఇట్లు చేయుట పెద్దలనాటి ఆచారము. ఆ మొక్కకు మన్ను లేదు. నీరు పోయువారు లేరు. ఎండ తగులును, వడగాలి వీచును. అయినను అది వెంటనే ఎండిపోదు. నెలలు గడచినను ఆకులలో పచ్చదనము నిలిచియుండును. కొంతకాలమునకు ఆ మొక్క తన లేతమొవ్వును వంచి, ఆకాశమువైపునకు త్రిప్పుకొనును. ఒక్కొక్కప్పుడు క్రొత్త ఆకునుకూడ వేయును.

ఇదే కలబందను మరియొక గృహస్థు మిక్కిలి ముచ్చటపడి తెచ్చుకొనును. రంగువేసిన కుండీని కొని, దాని నిండ బంకమట్టిని నింపి, మొక్కను నాటి, ఉదయమొక చెంబు, సాయంకాలమొక చెంబు తప్పక నీరు పోయును. ఇంటిలోని పిల్లలును పోటీపడి నీరు పోయుదురు. నెల గడచునప్పటికి ఆకులు వన్నె తగ్గును. రెండవ నెలలో మొక్క మొదలు మెత్తబడి, ఒకనాడు చేయి తగిలినంతనే ప్రక్కకు ఒరిగిపోవును.

ఏమియు ఈయని చోట బ్రదికిన మొక్క, అన్నియు ఇచ్చిన చోట ఏల చనిపోయెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నవారికి కలబందను మాత్రమే కాదు, దానివంటి మొక్కలనన్నిటిని పెంచు విధానము తెలిసినట్లే.

ఈ విచిత్రము ఒక్క కలబందకే చెందినది కాదు. ఐరోపా ఖండమున ఆల్ప్సు, పిరెనీసు, కార్పాతియను పర్వతములయందును, బాల్కను ప్రాంతపు కొండలయందును రాతిపగుళ్ళలో పెరుగు ఒక చిన్న మొక్క కలదు. కండగల ఆకులు వలయము లోపల వలయముగా అమరి, నేలపై పెట్టిన చిన్న తామరపూవువలె అది కనబడును. దాని పేరు సెంపర్‌వివమ్. లాటిను భాషలో ఆ మాటకు 'ఎల్లప్పుడు జీవించునది' అని అర్థము. అందు మిక్కిలి ప్రసిద్ధమైన జాతికి లిన్నేయసు అను స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు 1753వ సంవత్సరమున 'టెక్టోరమ్' అను విశేషణమును చేర్చెను. 'ఇంటికప్పులకు చెందినది' అని దాని అర్థము. ఆ దేశములలో గ్రామీణులు ఈ మొక్కను ఇంటికప్పుపై పెంచుట వాడుక. అందుచేతనే దానికాపేరు కలిగినది.

ఈ వాడుక ఎంత ప్రాచీనమైనదో తెలుపు సాక్ష్యమొకటి కలదు. చార్లమేన్ చక్రవర్తి కాలమున, అనగా సుమారు 800వ సంవత్సర ప్రాంతమున, రాజుగారి భూముల పరిపాలనను గూర్చి ఒక శాసనము వెలువడెను. అందు తోటలలో పెంచదగిన మొక్కల పట్టిక యున్నది. ఆ పట్టిక ముగియుచోట, తోటమాలి తన ఇంటిపై 'జూపిటరు గడ్డము' అను మొక్కను ఉంచుకొనవలయునని వ్రాయబడియున్నది. జూపిటరు గడ్డమనగా ఈ మొక్కయే. మన ఇంద్రునివలె జూపిటరు ప్రాచీన రోమనులకు పిడుగుల దేవుడు. ఆయన గడ్డము ఇంటిపై నుండగా ఆ యింటిపై పిడుగు పడదని వారు నమ్మిరి.

పిడుగును ఆపగల శక్తి ఏ మొక్కకును లేదు. కాని చారెడు మన్నయిన లేని కప్పుపై పచ్చగా నిలిచిన మొక్కను చూచినవారికి దానియందేదో మహిమ కలదని తోచుట సహజము. ఐరోపాలో ఇంటికప్పుపైని, తెలుగునాట ఇంటిగుమ్మమునకును ఇట్టి మొక్కనే జనులు కాపుగా నిలుపుకొనిరి. ఆ రెండు మొక్కలు ఒక కుటుంబమునకు చెందినవి కావు. ఒకటి మంచుకొండలలోనిది, రెండవది అరేబియా ద్వీపకల్పము జన్మస్థానముగా గలది. అయినను నీటి కరవు అను ఒకే కష్టమును ఎదుర్కొనుటకు రెండును ఒకే ఉపాయమును అవలంబించినవి. జనులు మహిమయని తలచినది ఆ ఉపాయమే.

ఆ ఉపాయమెట్టిదో చూతము. కలబంద మట్టను అడ్డముగా కోసినచో పైన దళసరియైన పచ్చని చర్మమును, లోపల గాజువలె మెరయు గుజ్జును కనబడును. ఆ గుజ్జులో నూటికి 98 పాళ్ళకు పైగా నీరే. అనగా ప్రతి మట్టయు ఒక నీటికుండయే. ఆ కుండకు మూతవలె పైచర్మముపై సన్నని మైనపుపూత యుండును. కలబంద ఆకు బూడిదరంగు కలిసిన పచ్చదనముతో కనబడుటకు ఆ పూతయే కారణము. వేపాకును కోసి ఎండలో ఉంచినచో సాయంకాలమునకు ముడుచుకొనిపోవును. కలబంద మట్టను కోసి ఉంచినచో కోసినచోట పొరగట్టి, లోపలి తేమ చాలదినములు నిలుచును.

ఆకుల అమరికయందును ఉపాయము కలదు. ఈ మొక్కలకు పొడవైన కాండముండదు. ఆకులన్నియు నేలకు సమీపముననే ఒక కేంద్రము చుట్టును అమరియుండును. లేతవి నడుమ, ముదురువి అంచున ఉండును. వెడల్పయిన వెలుపలి ఆకులు క్రింది మన్నుకు నీడనిచ్చి అందలి తేమను కాపాడును. గట్టి ఆకులపై పడిన వానచినుకు ఆకునడిమి కాలువవెంట జారి మొదటికి చేరును. వేళ్ళు లోతునకు పోక, పైమట్టిలోనే ప్రక్కలకు వ్యాపించి, కురిసిన కొద్దిపాటి వానను వెంటనే పీల్చుకొనును. కలబందను పెంచు విద్యార్థులు మరియొక వింతనుకూడ గమనింపవచ్చును. పిలకగా నున్నప్పుడు దాని ఆకులు ఎదురెదురుగా రెండు వరుసలలోనే యుండును. మొక్క పెరిగినకొలది ఆ వరుసలు మెల్లగా మెలితిరిగి వలయాకారమును పొందును.

ఇన్నిటికంటె గొప్ప ఉపాయము వీని ఊపిరియందున్నది. మొక్కలు తమ ఆహారమును తయారుచేసికొనుటకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించునని విద్యార్థు లెరుగుదురు. అందులకై ఆకులపై కంటికి కనబడని సూక్ష్మరంధ్రములుండును. సాధారణముగా మొక్కలు పగటివేళ ఈ రంధ్రములను తెరచును. వాయువు లోనికి వచ్చును, కాని అదే ద్వారమున లోపలి తేమ ఆవిరియై వెలికి పోవును. ఎండవేళ తలుపు తెరచిన ఇంటిలోనికి వేడి వచ్చినట్లే ఈ నష్టము తప్పదు. కలబందయు, సెంపర్‌వివమ్‌ును, వానివంటి మరికొన్ని మొక్కలును ఈ నష్టమును తప్పించుకొనుటకు పగలు తలుపులు మూసికొని, రాత్రి తెరచును. చల్లని రాత్రివేళ వాయువును గ్రహించి, దానిని మాలిక్ ఆమ్లమను పులుసుగా మార్చి ఆకులలో దాచుకొనును. తెల్లవారినంతనే రంధ్రములను మూసికొని, దాచిన పులుసునుండి ఆ వాయువును మరల వెలికిదీసి, సూర్యకాంతి సహాయమున ఆహారమును వండుకొనును. రాత్రి సరకులు తెచ్చుకొని, పగలు తలుపు వేసికొని వంటచేయు ఇల్లాలివంటి దీ మొక్క.

ఈ రహస్యమును కనుగొనుటకు దారితీసిన పరిశీలనలలో ఒకదానికి తెలుగునాటితో సంబంధము కలదు. కాకినాడకు సమీపముననున్న సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారికి ఒక వృక్షశాస్త్రోద్యానము ఉండెడిది. విలియం రాక్స్‌బర్గు దానిని నడిపెను. ఆయన 1793వ సంవత్సరమున కలకత్తా ఉద్యానమునకు వెళ్ళిన పిమ్మట, బెంజమిన్ హైనే అను జర్మను దేశీయుడు సామర్లకోట తోటకు అధికారిగా వచ్చెను. హైనే దక్షిణదేశమున చాలకాలము మొక్కలను పరిశీలించెను. మన పెరళ్ళలో పెరుగు రణపాల ఆకులను గూర్చి అతడొక వింతను గమనించెను. ఉదయము కొరికి చూచినచో ఆ ఆకు మిక్కిలి పుల్లగా నుండెను. ప్రొద్దెక్కినకొలది పులుపు తగ్గి, మధ్యాహ్నమునకు రుచియే లేకపోయెను. సాయంకాలమునకు కొంచెము చేదెక్కెను. ఈ సంగతిని అతడు లండనులోని లిన్నేయను సంఘమునకు చెందిన తన మిత్రునికి లేఖగా వ్రాసెను. 1815వ సంవత్సరమున అది అచ్చయ్యెను.

రణపాల ఆకులు వలయముగా అమరవు. కాని అది సెంపర్‌వివమ్ కుటుంబములోనిదే. రాత్రి దాచిన పులుసు పగటివేళ ఖర్చగుచున్నదని తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. హైనేవద్ద గొప్ప యంత్రము లేవియు లేవు. పూటపూటకు అదే ఆకును పరీక్షించు ఓపిక మాత్రమే ఉండెను. ఇట్లని విద్యార్థులు తెలియని ఆకులను నోటబెట్టరాదు. రణపాలవంటి ఆకులలోను విషపదార్థములు కొన్ని కలవు.

ఈ పొదుపు ఎంతటిదో లెక్కలవలన తెలియును. ఒక గ్రాము బొగ్గుపులుసు వాయువును గ్రహించుటకు వరి, గోధుమవంటి సాధారణమైన మొక్కలు 400 నుండి 500 గ్రాముల నీటిని ఆవిరిగా పోగొట్టుకొనును. రాత్రివేళ ఊపిరి తీయు మొక్కలు 50 నుండి 100 గ్రాములతో అదే పనిని నెరవేర్చుకొనును. కాని ఈ పొదుపునకు మూల్యము చెల్లింపక తప్పదు. ఒక రాత్రి దాచగల పులుసు కొంతయే గనుక మరునాడు చేయగల ఆహారమును కొంతయే. అందుచేత ఇట్టి మొక్కలు మెల్లగా పెరుగును. వీనిని పెంచువానికి మొదట కావలసినది నిదానము. వేగముగా పెరుగలేదని ఎరువుమీద ఎరువు వేయువాడును, నీరుమీద నీరు పోయువాడును మొక్క స్వభావమును ఎరుగనివారు.

ఇక కలబందను పెంచు విధానము. కుండీకి మట్టిది శ్రేష్ఠము. మట్టికుండీ గోడలగుండ తేమ కొంత వెలికి పోవును. అడుగున రంధ్రము తప్పక యుండవలయును. రంధ్రముపై ఓటికుండ పెంకు నొకదానిని బోర్లించినచో మన్ను జారిపోదు, నీరు నిలువదు. తోటమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, చిన్న ఇటుకముక్కలుగాని గులకరాళ్ళుగాని అర పాలు కలిపి, బాగుగా మాగిన పశువుల ఎరువును ఒక గుప్పెడు చేర్చవలయును. పిడికిట పట్టి నొక్కినచో ముద్దకట్టక విడిపోవు మన్నే దీనికి తగినది. కుండీ మరీ పెద్దది కారాదు. మొక్క చిన్నదై కుండీ పెద్దదైనచో వేళ్ళు చేరని మట్టిలో నీరు నిలిచిపోవును. పెరటినేలలో నాటదలచినవారు చుట్టునున్న నేలకంటె జానెడెత్తు మిట్టచేసి దానిపై నాటవలయును.

కలబందను విత్తనములతో పెంచువారు అరుదు. తల్లిమొక్క చుట్టును పుట్టు పిలకలే దాని సంతానము. పిలక జానెడెత్తు పెరిగి, తన వేళ్ళు తాను దిగిన పిమ్మట దానిని పదునైన కత్తితో వేరుచేయవలయును. వేరుచేసిన వెంటనే నాటరాదు. గాయము ఆరుటకై రెండు మూడు దినములు నీడలో ఉంచవలయును. పచ్చిగాయముతో తడిమట్టిలో పెట్టినచో క్రుళ్ళు పట్టును. నాటిన పిమ్మటకూడ నాలుగైదు దినములు నీరు పోయరాదు. క్రొత్తగా తోటపని నేర్చినవారికి ఈ నియమము కఠినముగా తోచును. నాటినంతనే నీరు పోయుట ఇతర మొక్కల ధర్మము. ఈ మొక్క తన నీటిని తానే వెంట తెచ్చుకొన్నదని జ్ఞాపకముంచుకొనవలయును.

వెలుతురు దీనికి ముఖ్యము. చీకటిగదిలో ఉంచినచో ఆకులు పలుచబడి, బలములేక ప్రక్కలకు వాలిపోవును. అట్లని చాలకాలము నీడలో నున్న మొక్కను ఒక్కసారిగా నడివేసవి ఎండలోనికి తేరాదు. తెచ్చినచో ఆకులు ఎఱ్ఱబారి మాడును. మొదట ఉదయపు ఎండను అలవాటుచేసి, పది పదునైదు దినములలో క్రమముగా పూర్తి ఎండకు మార్చవలయును.

నీరు పోయుటలోనే పెంచువాని తెలివి బయటపడును. ఇన్ని దినములకొకసారి అని గడియారమును చూచి నీరు పోయరాదు. మట్టిని చూచి పోయవలయును. చూపుడువ్రేలిని రెండు కణుపుల లోతువరకు మట్టిలో గ్రుచ్చి చూచి, తడి తగిలినచో చెంబును ప్రక్కనబెట్టవలయును. పూర్తిగా పొడిగా నున్నప్పుడు మాత్రమే అడుగు రంధ్రమునుండి నీరు కారునంతవరకు నిండుగా పోసి, మరల మట్టి ఆరువరకు ఊరకుండవలయును. ప్రతిదినము కొంచెము కొంచెముగా చిలకరించుటకంటె, ఎప్పుడో ఒకసారి నిండుగా పోయుట మేలు. తెలుగునాట వేసవిలో సుమారు వారమునకొకసారి, చలికాలమున రెండు మూడు వారములకొకసారి పోసిన చాలును. వానకాలమున ఆకాశమిచ్చు నీరే ఎక్కువ. ముసురు పట్టినప్పుడు కుండీని చూరుక్రిందికి జరుపవలయును. నీరు ఎప్పుడును మొదట పోయవలయునుగాని ఆకులనడుమ మొవ్వులో పోయరాదు. కుండీక్రింది పళ్ళెములో నీరు నిలువనీయరాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము దొరకును. మొక్క వేళ్ళకు నీరెంత అవసరమో గాలియు అంత అవసరము. మట్టిరేణువుల నడుమనుండు సందులలో ఆ గాలి నిలిచియుండును. ప్రతిదినము నీరు పోసినచో ఆ సందులన్నియు నీటితో నిండి, వేళ్ళకు ఊపిరాడదు. ఊపిరాడని వేళ్ళకు బూజు పట్టి క్రుళ్ళు ప్రారంభమగును. క్రుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. అప్పుడు నీటి నడుమనుండియు మొక్క దాహముతో వాడును. ఆకులు సన్నగిల్లి వ్రేలాడును. దానిని చూచిన గృహస్థు, 'అయ్యో, నీరు చాలలేదు కాబోలు' అని మరియొక చెంబు పోయును. ఆ నీరు మిగిలిన వేళ్ళనుకూడ చంపును. మొక్కపైగల ప్రేమయే దానికి మృత్యువగుచున్నది. ప్రేమ తక్కువయై కాదు, పరీక్ష లేక ఇట్లు జరుగును.

వాడిన మొక్క అంతయు దప్పిగొన్న మొక్క కాదు. కావున నీరు పోయుటకు ముందు మూడు సంగతులను పరీక్షింపవలయును. మొదటిది మట్టి. అది పొడిగా నున్నదా, తడిగా నున్నదా? రెండవది ఆకు. దప్పిగొన్న ఆకు పలుచబడి, అంచులు లోనికి ముడుచుకొనును, కాని గట్టిగానే యుండును. క్రుళ్ళుచున్న ఆకు మెత్తబడి, నీరుకారు పండువలె పసుపు లేక గోధుమరంగునకు మారును. మూడవది మొదలు. అచ్చట నల్లబడి దుర్వాసన వచ్చినచో అది క్రుళ్ళే. దప్పిగొన్న మొక్కకు ఒకసారి నిండుగా నీరు పోసినచో కొలది దినములలో ఆకులు మరల ఉబ్బును. క్రుళ్ళిన మొక్కను మాత్రము వెంటనే పెరికి, మన్ను దులిపి, చెడిన వేళ్ళను, ఆకులను తెల్లని మంచిభాగము కనబడువరకు కోసివేయవలయును. పిమ్మట దానిని వారముదినములు నీడలో ఆరనిచ్చి, క్రొత్త పొడిమట్టిలో నాటవలయును. మొవ్వు చెడకున్నచో అట్టి మొక్క అనేకసారులు బ్రదుకును.

చీడలు దీనికి తక్కువ. ఒక్కొక్కప్పుడు ఆకుల మొదళ్ళలో తెల్లని దూదివలె పిండినల్లి చేరును. తడిగుడ్డతో తుడిచివేసినచో తొలి దశలోనే అది పోవును. రెండేండ్లకొకసారి కుండీని బోర్లించి, ఇరుకైన పిలకలను వేరుచేసి, మట్టిని మార్చవలయును. అదనపు పిలకలను పొరుగువారికిచ్చుట మంచి వాడుక. ఆకులు కావలసినవారు వెలుపలి ముదురు మట్టలను ఒకసారికి రెండు మూడింటిని మాత్రమే కోయవలయును. నడిమి లేత ఆకులను ముట్టరాదు. కోసిన మట్టనుండి పసుపుపచ్చని చేదురసము కారును. దానిని ఎండబెట్టినదే ముసాంబరము. ఆ రసము కడుపునకు తీవ్రమైన విరేచనకారి. కావున కలబందను వైద్యుల సలహా లేక లోనికి తీసికొనరాదు.

ఈ తరహా మొక్కలలో తెలుగునాట కనబడు మరియొకటి కిత్తనార. దానినే రాకాసిమట్ట అందురు. మెక్సికో దాని జన్మభూమి. చేలగట్లపైని, రైలుదారులవెంట కంచెగాను దానిని నాటిరి. బారెడు పొడవును, కొనయందు ముల్లును గల దాని మట్టలనుండి గట్టి నార వచ్చును. ఆంగ్లేయులు దానిని 'శతాబ్దపు మొక్క' యనిరి. నూరేండ్లకొకసారి పూయునను ఊహయే ఆ పేరునకు కారణము. నిజమునకు చాలవరకు 10 నుండి 30 సంవత్సరములలోనే అది పూయును. కాని జీవితమున ఒక్కమారే పూయుట మాత్రము సత్యము. అన్నియేండ్లు మట్టలలో కూడబెట్టిన నీటిని, ఆహారమును అంతయు వెచ్చించి, మొవ్వునుండి స్తంభమువంటి పూకాడను ఇరువది అడుగుల ఎత్తువరకు నిలుపును. పూలు వాడునప్పటికి మట్టలు ముడుతపడి, మొక్క ఎండి, నేలకొరగును. దాని మొదటిచుట్టు అప్పటికే పిలకలు లేచియుండును. నారకై పెంచు జాతియొకటి తన పూకాడపైనే చిన్నచిన్న మొక్కలను కని, క్రిందికి రాల్చును.

సెంపర్‌వివమ్ నడవడియు ఇట్టిదే. ప్రతి పూవలయము కొన్నియేండ్లు పెరిగి, ఒకమారు పూచి, చనిపోవును. కాని ఆలోగా సన్నని తీగలవంటి కాడల చివర చుట్టును పిల్లవలయములను వ్యాపింపజేయును. ఆంగ్లభాషలో దానిని 'కోడి, కోడిపిల్లలు' అని ముద్దుగా పిలుచుదురు. ఎల్లప్పుడు జీవించునని పేరుగాంచినది ఏ ఒక్క వలయమును కాదు, ఆ కుటుంబము. తోటవాడు చేయవలసినదెల్ల ఎండిన తల్లిని తీసివేసి, ఆ ఖాళీలో గుప్పెడు ఇసుకమట్టిని నింపుట మాత్రమే. పిల్లలు తామే ఆ చోటును ఆక్రమించును. కలబంద వీనికి భిన్నము. అది పూచినను చావదు. పొడవైన కాడపై పసుపుపచ్చని గొట్టపుపూలను పూచి, మరల యథాప్రకారము పెరుగును. కావున పూవు కనబడినంతనే కలబంద చనిపోవునని భయపడ నక్కరలేదు.

ఏ మొక్కకైనను తన దేశకాలములు కలవు. సెంపర్‌వివమ్ మంచుక్రింద నెలలతరబడి యుండియు బ్రదుకును. సున్నకు 20 డిగ్రీల క్రిందికి దిగిన చలినికూడ తట్టుకొనును. దానిని పెంచు ఐరోపా తోటవారికి భయము చలివలన కాదు, చలికాలమున మట్టిలో నిలుచు తడివలన. అందుచేత వారు రాతిగోడల సందులలోను, గులకరాళ్ళు కలిపిన మట్టిలోను దానిని నాటుదురు. అంతటి గట్టి మొక్కయు తెలుగునాటి మైదానముల వేడిమికిని, వానకాలపు ఉక్కకును తాళుట కష్టము. కలబందకు ఇచ్చటి వేడిమి హాయి, కాని మంచు పడినచో అది చెడును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానమాత్రమే కురియు అనంతపురము ప్రాంతమునకు కలబంద, కిత్తనారలు తగిన మొక్కలు. బావులు అడుగంటు వేసవిలో వానికై త్రాగునీటిని వెచ్చింపవలసిన పనిలేదు. ఇంటిలో పాత్రలు కడిగిన నీరు సబ్బు కలియనిదైనచో అదే వానికి చాలును.

ఒక మొక్కను పెంచుటయనగా దానికి ఏదో ఒకటి ఇచ్చుచుండుటయే యని చాలమంది తలంతురు. ఈ మొక్కలు ఆ తలంపును సరిదిద్దును. ఎప్పుడీయవలయునో తెలియుట ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఊరకుండవలయునో తెలియుటయు అంత ముఖ్యము. చెంబు చేతబట్టి కుండీ దగ్గరకు వచ్చిన బాలుడు, నీరు పోయకముందు వ్రేలితో మట్టిని పరీక్షించి, తడి తగిలి వెనుకకు మరలినచో, ఆనాడు అతడా మొక్కకు నిజమైన సేవ చేసినవాడగును.

ప్రశ్నలు

1. గుమ్మమునకు కట్టిన కలబంద నీరు లేకుండ బ్రదుకుటకు కారణము లేవి?
2. బెంజమిన్ హైనే రణపాల ఆకులలో ఏ వింతను గమనించెను? దానికి కారణమేమి?
3. దప్పిగొన్న మొక్కకును, వేరు క్రుళ్ళిన మొక్కకును గల భేదమును ఎట్లు గుర్తింపవచ్చును?
4. కలబంద పిలకను వేరుచేసి నాటు విధానమును వివరింపుము.
5. కిత్తనార, సెంపర్‌వివమ్, కలబంద పూయు విధానములలోగల పోలికలను, భేదములను వ్రాయుము.